అత్తగారి కుడి రెక్క: ఉగాది నుంచి ఉగాది దాకా

నేను రాజమహేంద్రవరంలో 11 ఏళ్ళుగా యోగా నేర్పుతున్నాను. పొద్దున ఒక బ్యాచ్, పదింటికి ఆడవాళ్ళ బ్యాచ్, 2025 నవంబరు దాకా వీటికి ముందు తెల్లవారుజామున అమెరికాలో డాలస్‌లో ఉండే కొందరు తెలుగు ఆడవాళ్ళకు ఆన్‌లైన్ క్లాసు. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళ వయసు, జబ్బులు, వాడే మందులు, ఎక్కడ నొప్పి, ఏ ఆసనం చేయించకూడదు, ఇవన్నీ నోటుబుక్కులో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఆ పుస్తకాల్లో అందరికంటే ఎక్కువ పేజీలు పట్టిన కేసు మా అత్తగారిది. అయినా అందులో మొదటి మూడు నెలలకు ఒక్క అక్షరం కూడా లేదు. ఆ మూడు నెలలూ ఆవిడ నా కళ్ళెదుటే తిరిగారు. నేనే చూడలేదు.

ఈ సంగతులు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు. "రెక్క గురించి రాసుకో, నా గురించి ఎందుకు" అన్నారు. రెక్క గురించి రాస్తే ఇంటి గురించి రాయక తప్పలేదు.

మనిషి, ఇల్లు

వయసు 59. షుగర్ వచ్చి 12 ఏళ్ళు, మాత్రలు వాడుతున్నారు. బీపీ లేదు. కుడిచేతి వాటం. మామగారు పోయి ఆరేళ్ళయింది. మా ఆయన కడియంలో ఒక నర్సరీలో లెక్కలు, లోడింగు చూస్తారు. పొద్దున్నే వెళ్తే రాత్రికే రావడం. వానలు మొదలై మొక్కల సీజన్ వచ్చిందంటే ఆదివారం కూడా ఉండదు. మా అబ్బాయి పోయినేడు పదో తరగతిలోకి వచ్చాడు. నేను ఐదింటికల్లా ఫోను ముందు కూర్చోవాలి, అది అవగానే హాలుకు పరిగెత్తాలి. ఇంట్లో పాలు కాచేదీ, టిఫిను చేసేదీ, పిల్లాడికి బాక్సు కట్టేదీ అత్తగారే. ఆవిడ చెయ్యి ఆడబట్టే నా క్లాసులు నడిచాయి. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను కానీ ఏడాది కిందట నాకు తట్టలేదు.

చూడని మూడు నెలలు

2025 మార్చి 30న విశ్వావసు ఉగాది. ఆ రోజు గుమ్మానికి మామిడాకులు ఆవిడే కట్టారు, స్టూలెక్కి. ఇది నాకు ఖచ్చితంగా గుర్తుంది, ఎందుకంటే దిగమని నేను కేకలేశాను. అంటే అప్పటికి చెయ్యి పైకి లేస్తోంది.

ఏప్రిల్‌లో పై అరలో ఉండే డబ్బాలు ఒక్కొక్కటే కింది అరలోకి దిగాయి. వంటిల్లు సర్దుకుంటున్నారనుకున్నాను. రోజూ బిగించి అల్లుకునే జడ మానేసి క్లిప్పు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎండలు కదా అనుకున్నాను. "దండెం కాస్త కిందికి కట్టించమ్మా" అని రెండుసార్లు అడిగారు. ఆయనకు చెప్తానన్నాను, చెప్పలేదు. తర్వాత తడి బట్టలు కుర్చీల మీద ఆరేసేవారు. క్లాసు నుంచి వచ్చేసరికి కుర్చీలన్నీ తడిగా ఉంటే విసుగొచ్చేది.

మే నెలలో ఆవకాయ. మా ఇంట్లో కొత్తపల్లి కొబ్బరి కాయే పెడతాం. పెద్ద బేసిన్‌లో ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె వేసి అడుగు నుంచి పైకి తెచ్చి కలపడం ఆవిడకు పట్టింపు. ఇంకొకరి చెయ్యి పడనివ్వరు. అలాంటిది ఆ రోజు "అమ్మాయ్, ఈసారి నువ్వు కలుపు" అన్నారు. నాకు ట్రైనింగ్ ఉందని చెప్పి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేసరికి బేసిన్‌లో పైన ఎర్రగా ఉంది, అడుగున ఆవపిండి ఇంకా పసుపు ముద్దగానే ఉంది. ఆవిడ పీట మీద కూర్చుని ఉన్నారు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా కారం. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు, నిద్రపోతున్న పసిపిల్లను పెట్టుకున్నట్టు. ఇదంతా నేను చూశాను. చూసి, అలిగారనుకున్నాను.

ఆ ట్రైనింగ్ యోగాంధ్రది. రాష్ట్ర ప్రభుత్వం మే 21 నుంచి జూన్ 21 దాకా నెల రోజులు నడిపిన కార్యక్రమం అది. చివరి రోజు అంతర్జాతీయ యోగా దినోత్సవం విశాఖలో జరిగింది. ప్రధాని వచ్చారు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా 3 లక్షల మందికి పైగా కూర్చుని చేశారు. నేను విశాఖ వెళ్ళలేదు. మా ఊళ్ళోనే స్కూళ్ళలో, కాలనీల్లో కామన్ యోగా ప్రోటోకాల్ నేర్పే పనిలో ఉన్నాను. 45 నిమిషాల ప్రోటోకాల్ అది. నిలబడి చేసే ఆసనాల్లో తాడాసనం ముందుంటుంది. వేళ్ళు అల్లుకుని చేతులు పైకి చాపాలి. ఆ నెలలో కొన్ని వందల మంది చేతులు పైకి లేపించాను. ఆ పని ఇష్టంగా చేశాను, ఇప్పటికీ అది మంచి పనేనని నమ్ముతున్నాను. ఇంట్లో ఒక చెయ్యి లేవడం లేదన్న సంగతి మాత్రం ఆ నెలలో నాకు తెలియలేదు.

నేను చేసిన పొరపాటు

జూన్ ఆఖరి వారంలో ఆవిడే అడిగారు. "అమ్మాయ్, రెక్క లాగుతోంది. ఏదైనా ఆసనం చెప్పు."

పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను యోగా అడగడం అదే మొదలు. ఆ సంతోషంలో పరీక్ష చేయాలన్న ఆలోచన రాలేదు. తువ్వాలు ఒకటి తెచ్చి వీపు మీదుగా వేసి, పైనుంచి ఎడమ చేత్తో, కింద నుంచి కుడి చేత్తో పట్టుకుని పైకి లాగమన్నాను. గోముఖాసనంలో చేతుల పని అది. ఆవిడ పళ్ళు బిగించారు. "కొంచెం నొప్పి ఉంటుంది అత్తయ్యగారూ, ఓర్చుకోవాలి" అన్నాను. నేనే వెనక నిలబడి కుడి మోచెయ్యి పట్టుకుని పైకి నెట్టాను. నాలుగు రోజులు చేయించాను. ఆవిడ వద్దనలేదు.

ఐదో రోజు పొద్దున మా అబ్బాయి చెప్పాడు. "అమ్మా, నాయనమ్మ రాత్రంతా కుర్చీలోనే నిద్రపోతోంది. మంచం మీద పడుకుంటే ఏడుస్తోంది."

ఆ రోజు హాలుకు వెళ్ళలేదు. బయటి నుంచి వచ్చిన మనిషి అయితే మొదటి రోజే ఏం చేసేదాన్నో అది చేశాను. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మోచేతులూ పక్కలకు ఆనించి, ముంజేతులు ముందుకు పెట్టించి, తలుపు తెరిచినట్టు బయటికి తిప్పమన్నాను. ఎడమ చెయ్యి హాయిగా తిరిగింది. కుడి చెయ్యి రెండు వేళ్ళ మందం కూడా జరగలేదు. అప్పుడు నేను పట్టుకుని మెల్లగా తిప్పి చూశాను. అయినా రాలేదు. గడియ పడ్డ తలుపులా ఒకచోట ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క విషయం విడమరిచి చెప్పాలి, ముఖ్యంగా కొత్తగా నేర్పుతున్నవాళ్ళ కోసం. చెయ్యి తనంతట తాను ఎత్తలేకపోవడం ఒకటి. ఇంకొకరు పట్టుకుని ఎత్తినా లేవకపోవడం ఇంకొకటి. మొదటిదైతే కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు దెబ్బతిందేమో చూడాలి. రెండోదైతే కీలే బిగుసుకుని ఉండవచ్చు. భుజం కీలు చుట్టూ పలుచని సంచిలాంటి పొర ఉంటుంది. అది వాచి, మందమై, ముడుచుకుపోతే వచ్చేదాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మన వాళ్ళు రెక్క పట్టేసిందంటారు. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, ఆడవాళ్ళలో ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకు లేనివాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది, వచ్చాక తగ్గడానికీ ఎక్కువ కాలం పడుతుంది. థైరాయిడ్ ఉన్నవాళ్ళలోనూ చూస్తాం. అన్నిటికంటే ముందు పోయేది చెయ్యి బయటికి తిరగడం. అందుకే మోచెయ్యి పక్కకు ఆనించి చేసే ఆ చిన్న పరీక్ష అంత పనికొస్తుంది. అర నిమిషం కూడా పట్టదు.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. ముందు నొప్పి పెరుగుతూ బిగుసుకునే దశ, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. తర్వాత నొప్పి కాస్త తగ్గినా చెయ్యి కదలని దశ. ఆ తర్వాత మెల్లగా వదిలే దశ. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టవచ్చు. అత్తగారు మొదటి దశ మధ్యలో ఉన్నారు. ఆ దశలో పొర వాచి మండుతూ ఉంటుంది. బలవంతంగా లాగితే ఇంకా రేగుతుంది. నేను నాలుగు రోజులు చేయించింది సరిగ్గా అదే.

డాక్టరు దగ్గర

ఎముకల డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రేలో తేడా ఏమీ లేదు. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, వేరే జబ్బు ఏదీ కాదని తెలుసుకోవడానికే తీస్తారు. మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష (HbA1c) 9.1 వచ్చింది. ఎనిమిది నెలలుగా రక్త పరీక్షే చేయించలేదని అప్పుడు తెలిసింది. ఎందుకు చేయించలేదని అడిగితే "ఎవర్ని తోడు రమ్మంటాను" అన్నారు. ఆ గదిలో నేనూ ఉన్నాను, మా ఆయనా ఉన్నారు.

డాక్టరు షుగర్ మందులు మార్చారు, ఫిజియోథెరపీ రాశారు. షుగర్ కొంచెం దిగాక కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తానన్నారు. అత్తగారు వెంటనే "ఇంజక్షన్ వద్దండీ, మా కోడలు యోగా టీచరు" అన్నారు. గర్వంగానే అన్నారు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఇంటికొచ్చాక తువ్వాలు విషయం మొత్తం చెప్పాను. ఆ నొప్పి నా వల్ల పెరిగిందని, ఇంజక్షన్ నొప్పిని తగ్గిస్తే చెయ్యి కదిలించుకునే వీలు దొరుకుతుందని, అది లేకుండా ఇప్పుడు యోగా ఒక్కటే సరిపోదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నీకు తెలియక చేశావులే" అన్నారు. తెలిసి ఉండాల్సిన పని నాది.

జులై ఆఖర్లో ఇంజక్షన్ వేశారు. షుగర్ ఉన్నవాళ్ళకు స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని డాక్టరు ముందే చెప్పారు. ఇంట్లో మిషనుతో రోజూ చూశాం. వారంలో మళ్ళీ దారిలోకి వచ్చింది. రాత్రి నొప్పి మాత్రం పది రోజుల్లో సగానికి సగం తగ్గింది. యోగా టీచర్లు ఇంజక్షన్లనూ మందులనూ చిన్నచూపు చూడటం నేను చాలాసార్లు విన్నాను. ఈ కేసులో ఆ ఇంజక్షన్ లేకపోతే నా పని మొదలయ్యేదే కాదు.

గుమ్మం మీద గీతలు

జులై మొదటి వారంలో ఫిజియోథెరపిస్టు కొలిచిన లెక్కలివి. చెయ్యి ముందు నుంచి పైకి 85 డిగ్రీలు. బయటికి తిరగడం 5 డిగ్రీలు. వీపు వెనక్కి పెడితే కుడి చెయ్యి తుంటి పక్కనే ఆగిపోయింది, ఎడమ చెయ్యి రెక్కల మధ్యకు వెళ్ళింది. రాత్రి నొప్పి పదికి ఎనిమిది. ఆ అమ్మాయితో పని పంచుకున్నాం. చేత్తో పట్టి సాగదీసే పని పూర్తిగా తనది, వారానికి రెండుసార్లు. ఇంట్లో రోజూ చేసే కదలికలు, శ్వాస, నిద్ర నావి. నేను తువ్వాలుతో చేయించిన సంగతి ఆమెకూ చెప్పాను.

ఇంట్లో కొలవడానికి వంటింటి గుమ్మం వాడుకున్నాం. దాని పక్క చెక్క మీద మా అబ్బాయి ఎత్తు గీతలు ఉన్నాయి, మూడేళ్ళ వయసు నుంచీ. వాటి పక్కనే నాయనమ్మ వేళ్ళు ఎక్కడ దాకా వెళ్తే అక్కడ వాడే పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవాడు. ప్రతి ఆదివారం. నడుము వంచకుండా, భుజం చెవి దగ్గరికి ఎగరేయకుండా నిలబడాలని నేను చెప్తే వాడు పక్కన నిలబడి కాపలా కాసేవాడు. ఆగస్టులో మూడు ఆదివారాలు గీత మీద గీతే పడింది. ఆవిడ ఆ చెక్క వైపు చూడటం మానేశారు. నేను కూడా లోపల టెన్షన్ పడ్డాను.

నేర్పడం మానేశాక

మొదటి పది రోజులూ నేను క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడాను. శ్వాస తీసుకోండి, వదలండి, భుజాలు రిలాక్స్ చేయండి అంటూ. ఆవిడ లేచి "పొయ్యి మీద పప్పు ఉంది" అని వెళ్ళిపోయేవారు. ఒక రోజు తిన్నగా చెప్పేశారు. "నాకు క్లాసు చెప్పకమ్మా. నీ గొంతు మారిపోతుంది అప్పుడు."

గొంతు మారుతుందన్న సంగతి నాకు తెలియదు. మరుసటి రోజు నుంచి ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఆరున్నరకు వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాక ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చేవారు. నేను ఎదురుగా చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చునేదాన్ని. మధ్యలో ఆపి, అదే కదలిక నేనూ చేసేదాన్ని. కావాలంటే చూసి చేసేవారు. లేకపోతే కబుర్లు. పొద్దున చేయించాలన్న నా పట్టుదలా వదిలేశాను, పొద్దుటి పూట బిగువు ఎక్కువగా ఉంటుంది కాబట్టి.

కదలికలకు పేర్లు ఆవిడే పెట్టారు, అక్కడి నుంచి పని నడిచింది. ఎడమ చెయ్యి టేబుల్ మీద ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని వేలాడదీసి చిన్నచిన్న చుట్లు తిప్పడం ఉంటుంది. "ఇది బావిలో బొక్కెన కదా" అన్నారు. బొక్కెన బరువుకి తాడు ఊగుతుంది, తాడు తనంతట తాను ఊగదు. నేను ఎన్నిసార్లు భుజాన్ని వదిలేయమని చెప్పినా కుదరనిది ఆ ఒక్క మాటతో కుదిరింది. చెయ్యి నిజంగా వేలాడింది. తడిగుడ్డ అరచేతి కింద పెట్టుకుని టేబుల్ మీద ముందుకు జరపడం బల్ల తుడవడం అయింది. వేళ్ళతో గోడ మీద పైకి పాకడం బల్లి. వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకు ఆనించి, అప్పడాల కర్ర రెండు చేతులతో పట్టుకుని ఎడమ చేత్తో కుడి చేతిని బయటికి నెట్టడం ఒకటుంది. అన్నిటిలోకీ ముఖ్యమైనది, అన్నిటికంటే కష్టమైనది అదే. దానికి మాత్రం పేరు పెట్టలేదు, "ఆ కర్ర పని" అనేవారు.

శ్వాస దగ్గర కూడా ఇంతే. నొప్పి వచ్చే చోటుకి చేరగానే ఊపిరి బిగబట్టేవారు. నేను శ్వాస వదలమంటే ఇంకా బిగబట్టేవారు. చిన్నప్పుడు ఊళ్ళో కట్టెల పొయ్యి ఊదేవారట. "ఊదుగొట్టంతో ఊదినట్టు ఊదండి" అన్నాను. పెదాలు గుండ్రంగా చేసి, పొడుగ్గా, ఎగతోయకుండా ఊదారు. చెయ్యి జరిగేది ఆ ఊదే సమయంలోనే. ఊపిరి వల్ల కీలు పొర సాగుతుందని నేను అనను. మనిషి బిగుసుకోవడం తగ్గుతుంది, మెడ కండరాలు వదులవుతాయి, ఆ మేరకు చేతికి దారి దొరుకుతుంది. నేను చూసింది అంతే.

ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. చేసేటప్పుడు కాస్త లాగినా పరవాలేదు. ఆ లాగడం రాత్రి పడుకునే వేళకు తగ్గిపోవాలి. తగ్గలేదంటే మర్నాడు సగమే. ఓర్చుకోమన్న మాట ఇంట్లో మళ్ళీ అనలేదు. క్లాసులో కూడా మానేశాను.

నిద్ర గురించి నాకు ముందే తట్టి ఉండాల్సింది. వెల్లకిలా పడుకుంటే కుడి మోచెయ్యి కింద మడిచిన దుప్పటి, పొట్ట మీద ఒక దిండు పెట్టి దాని మీద ముంజెయ్యి. ఎడమ పక్కకు తిరిగితే దిండును వాటేసుకుని దాని మీద కుడి చెయ్యి. చెయ్యి వెనక్కి జారకుండా ఉండటమే దీని ఉపయోగం. పడుకునే ముందు ఐదు నిమిషాలు భ్రామరి, అంటే తుమ్మెదలా సన్నగా శబ్దం చేస్తూ ఊపిరి వదలడం. ఇంజక్షన్ ఒకవైపు, ఈ దిండ్లు ఒకవైపు. ఆగస్టు రెండో వారానికి ఆవిడ కుర్చీ నుంచి మంచం మీదికి వచ్చారు. మా అబ్బాయి ఆ తేదీని కూడా గుమ్మం చెక్క మీద రాశాడు.

తుపాను, కార్తీకం, డాలస్ టైము

అక్టోబరు మొదట్లో పైకి 110, బయటికి 20. నొప్పి తగ్గింది, బిగువు ఉంది. అంటే రెండో దశ. ఇక్కడ ఫిజియో అమ్మాయి సాగదీయడం పెంచింది, నేనూ కర్ర పని రెండు పూటలకు పెంచాను. మొంథా తుపాను తీరం దాటిన అక్టోబరు 28న హాలు మూసేశాను, కరెంటు పోయింది. ఆ సాయంత్రం ఎమర్జెన్సీ లైటు వెలుగులో ఆవిడే వచ్చి టేబుల్ దగ్గర వంగి బొక్కెన మొదలుపెట్టారు. నేను పిలవలేదు.

నవంబరు 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. డాలస్‌లో సాయంత్రం ఆరున్నర క్లాసు ఎండాకాలంలో మనకు ఐదింటికి పడుతుంది, చలికాలంలో ఆరింటికి. ప్రతి ఏడూ పొద్దున బ్యాచ్‌ను ముందుకో వెనక్కో జరిపి ఎలాగో సర్దేదాన్ని. ఆ సర్దుబాటు మొత్తం అత్తగారు వంటింట్లో నిలబడితేనే సాధ్యమైంది. ఈసారి ఆన్‌లైన్ క్లాసు ఆపేశాను. నా సంపాదనలో మూడో వంతు అది. మా ఆయన ఏమంటారోనని భయపడ్డాను. "పొద్దున టిఫిను నేను చూసుకుంటాను, నువ్వు హాలు బ్యాచ్ వదలకు" అన్నారు. ఉప్మా, ఇడ్లీ, మళ్ళీ ఉప్మా. పిల్లాడు ఏమీ అనకుండా తిన్నాడు. దండెం కిందికి కట్టింది కూడా అప్పుడే, ఏప్రిల్‌లో అడిగితే నవంబరులో. డబ్బు ఇబ్బంది నిజంగానే పడ్డాం. అబ్బాయికి అనుకున్న మ్యాథ్స్ ట్యూషన్ రెండు నెలలు ఆలస్యమైంది. దాని గురించి నాకు ఇప్పటికీ బాధ ఉంది.

నవంబరు 5 కార్తీక పౌర్ణమి. కోటిలింగాల రేవుకు వెళ్దామన్నారు. మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుని, అరటిదొప్పలో దీపం వెలిగించుకున్నారు. నేను పక్కనే చెయ్యి అందివ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ దొప్పను నీళ్ళ మీద పెట్టి, కుడి అరచేత్తో మెల్లగా ముందుకు తోశారు. మోచెయ్యి పూర్తిగా చాపి, అల దాన్ని అందుకునే దాకా. మా టేబుల్ మీద తడిగుడ్డ జరిపే కదలికే. ఆవిడ గమనించలేదు, దీపాన్ని చూస్తున్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రి నోటుబుక్కులో డిగ్రీలు రాయలేదు, ఇదే రాశాను.

క్లాసులో ఏం మారింది

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళను జబ్బుల సంగతి అడగడం కంటే ముందు వేరే ప్రశ్నలు అడుగుతున్నాను. రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటారు? జడ మీరే వేసుకుంటారా? పై అర నుంచి డబ్బా దించేది ఎవరు? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? భుజం నొప్పి ఉందా అని అడిగితే లేదంటారు. జడ సంగతి అడిగితే "ఈమధ్య మా అమ్మాయి వేస్తోందండీ" అంటారు. షుగర్, థైరాయిడ్ ఉన్న ప్రతి ఒక్కరికీ మోచెయ్యి ఆనించే పరీక్ష చేస్తున్నాను.

అలా ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఇద్దరు బయటపడ్డారు. ఒకావిడ నాలుగు నెలలుగా నా ముందే సూర్య నమస్కారాలు చేస్తున్నారు. చేతులు పైకెత్తే చోట నడుము వెనక్కి వంచి, చెయ్యి లేచినట్టు సర్దుకునేవారు. వెన్ను బాగా వంగుతోందని నేను మెచ్చుకున్న మనిషే ఆవిడ. రెండో ఆవిడది వేరు. తనంతట తాను ఎత్తలేకపోయారు కానీ నేను పట్టుకుంటే చెయ్యి పైదాకా వచ్చింది. అందుకే ఫ్రోజెన్ షోల్డర్ అనుకోకుండా డాక్టరు దగ్గరికి పంపాను. స్కానింగ్‌లో స్నాయువు చిరిగిందని తేలింది. ఆవిడకు బల్లి, కర్ర చేయించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయమేస్తుంది.

యోగాసనాలకు కుర్చీలు, బెల్టులు, తాళ్ళు వాడటం పుణెలో బీకేఎస్ అయ్యంగార్ ఎప్పుడో అలవాటు చేశారు. శరీరం ఆసనం దగ్గరికి రాలేకపోతే ఆసనాన్నే శరీరం దగ్గరికి తేవాలన్నది అందులో ఉన్న ఆలోచన. నేను నేర్చుకున్నప్పుడు అది ముసలివాళ్ళ కోసమని పక్కన పెట్టాను. ఇప్పుడు మా హాల్లో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు అప్పడాల కర్రలు ఉన్నాయి.

ఎక్కడ దాకా వచ్చాం

2026 మార్చి 19 పరాభవ ఉగాది వారంలో కొలిస్తే పైకి 150, బయటికి 50. వీపు వెనక్కి నడుము పైదాకా వెళ్తోంది. రాత్రి నొప్పి పదికి ఒకటి, కొన్ని రోజులు అదీ లేదు. మూడు నెలల షుగర్ 9.1 నుంచి నవంబరులో 7.8కి, ఫిబ్రవరిలో 7.2కి వచ్చింది. షుగర్ తగ్గడంలో మార్చిన మందులది పెద్ద చెయ్యి. రాత్రి అన్నం తగ్గించడం, భోజనం అయ్యాక పావుగంట మేడ మీద నడవడం దానికి తోడు.

ఇది చదివి ఫ్రోజెన్ షోల్డర్‌ను యోగా తగ్గించిందని ఎవరూ అనుకోకూడదు. ఈ జబ్బు చాలామందికి కాలం గడిచేకొద్దీ దానంతట అదే వదులుతుంది. అత్తగారికి ఇంజక్షన్ పడింది, ఫిజియోథెరపీ జరిగింది, షుగర్ దారిలో పడింది. వీటిలో నా వాటా ఎంతో తేల్చడానికి ఒక్క కేసు చాలదు. నిద్ర పట్టడం, మానేయకుండా రోజూ చేయడం, భయం లేకుండా చెయ్యి కదిలించడం, ఈ మూడింటిలో నేను పనికొచ్చానని మాత్రం చెప్పగలను.

జడ పూర్తిగా ఇంకా కుదరడం లేదు. పై నుంచి మూడు పాయలు తీసి నాలుగైదు మలుపులు అల్లేసరికి చెయ్యి బరువెక్కుతుంది. మిగతాది ముందుకు వేసుకుని అల్లుకుంటున్నారు. స్టూలు ఎక్కడం నేనే మాన్పించాను, మామిడాకులు ఈసారి అబ్బాయి కట్టాడు, పదో తరగతి పరీక్షల మధ్యలో.

పోయిన వారం ఆవిడ టేబుల్ దగ్గర కూర్చుని ఎడమ భుజం రుద్దుకోవడం చూశాను. షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి రెండో భుజం కూడా పట్టేస్తుంది. నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి, ఎడమ మోచెయ్యి పక్కకు ఆనించి ముంజెయ్యి బయటికి తిప్పి చూశాను. 70 డిగ్రీలు, ఫిబ్రవరిలో రాసుకున్నంతే. రాత్రి ఏ పక్కకు పడుకుంటున్నారని అడిగాను. కుడి రెక్క కోసం ఏడాదిగా ఎడమ పక్కకే పడుకుంటున్నారట. ఆ రాత్రి దిండ్లు మార్చాం. సోమవారం డాక్టరుకు చూపించడానికి టోకెన్ తీసుకున్నాను. పదింటి బ్యాచ్‌ను ఆ రోజు సాయంత్రానికి మార్చాను.